వెనక స్పీకర్ల ఈల

చెవులతో బతికే మనిషికి ఆ చెవులు పోతున్నాయని ఎలా తెలుస్తుంది? పాటలకు సౌండ్ మిక్సింగ్ చేసే నన్ను ఈ ప్రశ్న ఏళ్లుగా వెంటాడుతోంది.

ఆ రోజు ఇంట్లో మావారూ నేనూ, శబ్దాన్ని ముందు వెనక స్పీకర్లకు పంచే కొత్త డీకోడరుకు స్పీకర్లన్నీ కలిపి పరీక్షించాం. ముందువాటిలో మాటలు వినబడ్డాయి. వెనకవాటిలో రావాల్సిన సన్నటి పరీక్ష ఈల మాత్రం నాకు వినబడలేదు.

"లోపం నా చెవులదేనేమోనండీ?"

"ఛ, పిచ్చిదానా! నాకూ వినబడట్లేదు. ఈ డీకోడరే దండగమారిది," అంటూ మావారు వైర్లు విప్పి మళ్లీ బిగించారు, శబ్దం పెంచారు. అయినా ఈల వినబడలేదు.

తప్పు డీకోడరుదేనని నాకు ప్రాణం లేచొచ్చింది.

పక్క గదిలోంచి మా అమ్మాయి అరిచింది. "నాన్నా, ఆ ఈల ఆపు! చెవులు చిల్లులు పడుతున్నాయి!"

ఆయన నావైపు చూడకుండా డీకోడరు ఆపేశారు.

ఆయనకు నిజంగానే వినబడలేదో, నా కోసం అలా అన్నారో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.