మిషన్ ఒప్పుకోలేదు

ఓడల దారి ఎప్పుడు మూతపడుతుందో తెలియదు, గొడుగు ఊచలు పై దేశం నుంచి తెప్పించడం మాని పక్క వీధి వర్క్‌షాపులో చేయించుకుందాం అని మా మరిదికి చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. గొడుగుల ఫ్యాక్టరీ అతనిది. స్టోర్సు చూసేది నేను.

ఎప్పుడు అడిగినా ఒకటే పాట. "మిషన్ ఒప్పుకోవడం లేదు వదినా. ప్రపంచమంతా జల్లెడ పట్టి చెప్తుందది. మనకేం తెలుసు?"

మిషన్ అంటే అతని గదిలో గాజు బల్ల మీదున్న కొత్త కంప్యూటర్. రేపు ఏం జరగబోతుందో ఇవాళే చెబుతుందని లక్షలు పోసి తెచ్చాడు.

ఈ ఉదయం ఓడలు నిజంగానే ఆగిపోయాయి. వానలు ముంచుకొస్తున్నాయి. కుట్టిన గుడ్డ కొండలా పడి ఉంది, ఊచలు అడుగంటాయి. పనివాళ్లు చేతులు ముడుచుకుని నా మొహం చూస్తున్నారు. నాకు కోపం నషాళానికంటింది. తిన్నగా మరిది గదిలోకి వెళ్లి ఒక అబద్ధం ఆడేశాను.

"నువ్వు లేనప్పుడు మిషన్‌నే అడిగాను. పక్క వీధిలో చేయించమంది."

మరిది ఒకసారి మిషన్ వంక, ఒకసారి నా వంక చూశాడు. తర్వాత గబగబా ఆర్డరు మీద సంతకం పెట్టేశాడు. "అదే చెప్పాక ఇంకేముంది వదినా! రేపు తేడా వస్తే మనల్ని ఎవరూ అనరు."

ఇంతేనా? ఇన్నాళ్లూ నేను గొంతు చించుకున్నదంతా బూడిదలో పోసిన పన్నీరేనా? ఒళ్లు మండిపోతూ గుమ్మం దాటబోతుంటే, మరిది వెనక నుంచి గొంతు తగ్గించి పిలిచాడు.

"వదినా, ఇంతకీ దాన్నెలా తెరిచారు? తెచ్చిన రోజు నుంచీ నాకసలు తెరుచుకోనేలేదు."