ఒక గిన్నె ఎక్కువ

“ముందు కత్తి కింద పెట్టు బిడ్డా” అన్నాడు ప్రార్థన గుడారంలో బల్ల సర్దుతున్న ముసలి రామచంద్రం.

కొమురయ్య పెట్టలేదు. పెట్టాలని ఉన్నా వేళ్లు విడిపడలేదు. మోచేతుల దాకా నెత్తురు, చొక్కా నిండా నెత్తురు. అందులో బలిచ్చిన యాటది ఎంతో, మేస్త్రిది ఎంతో అతనికే తెలియదు.

మాదాపూర్ బండల మధ్య కంప్యూటర్ కంపెనీల మేడలు లేస్తున్న రోజులవి. ఆ ఆదివారం ఒక కొత్త మేడ పునాదికి కాంక్రీటు పోయాలి. పోసేముందు గుంత దగ్గర మైసమ్మకు యాటను కోయడం కూలీల ఆనవాయితీ. కోసింది కొమురయ్యే. మిగతావాళ్లు దాన్ని మోసుకుని వంట దగ్గరికి వెళ్లిపోయారు. గుంత ఒడ్డున అతనూ మేస్త్రీ మాత్రం మిగిలారు.

“ఎవల్ని కొట్టినవ్?”

“శేఖర్ మేస్త్రిని. పోయిన నెల గా గుంతలనే మా తమ్ముడు మట్టిపెళ్ల కింద పడి సచ్చిండు గదా తాతా. వాన పడ్డది, దిగనంటే బూతులు తిట్టి దింపింది గాయనే. ఇయ్యాల నవ్వుకుంట ఏమన్నడో తెల్సా? గుంత మీ తమ్ముణ్ణి ముందుగాలనే మింగింది, ఇగ యాటెందుకు దండుగ అన్నడు. కత్తి చేతులనే ఉండె. మెడ మీద ఏసిన. పడ్డంక మల్లొకటి ఏసిన.”

రామచంద్రం చేతిలో చెంబు ఒరిగింది. ఎండుద్రాక్ష ఉడకబెట్టి తీసిన రసం బల్ల మీది తెల్లగుడ్డపై పారింది. ముసలాయన హడలిపోయాడనుకున్నాడు కొమురయ్య. ఆ వయసులో హడలక ఏం చేస్తాడు పాపం.

నాలుగు గుంజలు పాతి టార్పాలిన్ కప్పిన ఆ గుడారమే కూలీలకు చర్చి. శేఖర్ మేస్త్రి ముఠా ఎక్కడికి పోతే గుడారం అక్కడికి. జీడిమెట్లలో షెడ్లు కట్టినప్పుడు అక్కడ, చందానగర్‌లో ఇళ్లు కట్టినప్పుడు అక్కడ, ఇప్పుడు ఇక్కడ. తమను యేసయ్యలో కలిపేదాకా ముసలాయన వదిలేలా లేడని కూలీలు నవ్వుకునేవాళ్లు. మేస్త్రి మాత్రం నవ్వేవాడు కాదు. ఒకసారి తాగొచ్చి గుంజలు తన్ని గుడారాన్ని కూలగొట్టాడు. రామచంద్రం కిక్కురుమనకుండా మర్నాడు మళ్లీ పాతుకున్నాడు.

ఆయనకు ఇంకో చాదస్తం ఉండేది. యేసు నెత్తురుకు గుర్తుగా ద్రాక్షరసం పంచడానికి ప్రభువు బల్ల మీద రొట్టె చుట్టూ చిన్న స్టీలు గిన్నెలు పేర్చేవాడు. వచ్చేవాళ్లకన్నా ఎప్పుడూ ఒకటి ఎక్కువ, దాని మీద ఒక మూత. కొమురయ్య పెళ్లాం భవాని ప్రార్థనకు వస్తుండేది. ఆమె అడిగితే, రావాల్సినోడు ఒకడున్నడు అన్నాడట. ఆ గిన్నె దేవుడికేమో అనుకుని దణ్ణం పెట్టుకుంది ఆ పిచ్చిది.

“పానం పోయిందా?” అడిగాడు రామచంద్రం.

“పోయింది.”

“నీళ్లడిగిండా?”

“అడిగిండు. నేను ఇయ్యలే.”

ముసలాయన బల్ల అంచు పట్టుకుని గుంత వైపు చూశాడు. దూరంగా అరుపులు, రాళ్ల మీద ఇనుప రాడ్లు ఈడుస్తున్న చప్పుడు. కూలీలు మేస్త్రి శవాన్ని చూసినట్టున్నారు.

“అంగీ ఇయ్యి” అన్నాడు.

“ఎందుకు తాతా?”

“భవానికి నెలలు నిండినయి. ఇయ్యి, జల్ది.”

కత్తిని ఆయనే లాక్కున్నాడు. బకెట్లో నీళ్లు ముంచి, చంటిపిల్లవాడికి కడిగినట్టు కొమురయ్య చేతులు కడిగాడు. నెత్తుటి చొక్కా తాను తొడుక్కున్నాడు. తర్వాత మూత గిన్నె తీసి, చెంబులో మిగిలిన రసం వంచి ఇచ్చాడు.

“ఇగ నువ్వే తాగు.”

కొమురయ్య గటగటా తాగేశాడు. గొంతు తడిశాక ఏడుపు వచ్చింది.

“నీ దేవుడు గూడ నెత్తురే అడుగుతడంట గదా తాతా. మా మైసమ్మకు, ఆయనకు ఏం ఫరక్?”

“ఆయన అడగలే బిడ్డా. కొడుకునే ఇచ్చిండు” అన్నాడు రామచంద్రం. చేతిలోని మూతను చూస్తూ, “ఎట్ల ఇచ్చిండో” అని గొణిగాడు.

కొమురయ్యను బల్ల కిందికి నెట్టి, తెల్లగుడ్డ నేల దాకా లాగి, కత్తి పట్టుకుని తానే బయటికి నడిచాడు.

గుడ్డ సందులోంచి కొమురయ్య అంతా చూశాడు. “నేనే సంపిన” అన్నాడు ముసలాయన. ఆ మాట పూర్తి కాకముందే రాడ్డు మోకాలి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు బల్ల కిందికి వినిపించింది. రెండో దెబ్బకు నోరు పగిలింది. కిందపడ్డాక కాళ్లతో తొక్కారు. ఆయన చేతులైనా అడ్డం పెట్టుకోలేదు.

లేచి పోయి నిజం చెప్పాలి. కొమురయ్య లేవలేదు. భవాని కోసమే ఆగానని సర్దిచెప్పుకున్నాడు గానీ, అది ఉత్త భయం. తన మీద తనకే అసహ్యం వేసింది.

జీపు వచ్చింది. ఎస్సై లాఠీతో గుంపును చెదరగొట్టి, ముసలాయన్ను గుంజకు ఆనించి కూర్చోబెట్టాడు.

“కొమురయ్య ఏడి సార్? పగ గానికే ఉన్నది” అన్నారెవరో.

రామచంద్రం నెత్తురు ఉమ్మాడు. “కొమురయ్య యాటను కోసి, కత్తి, అంగీ ఆడనే ఇడిసిపెట్టి పోయిండు సార్. నేను తీస్కున్న.”

ఎస్సై నమ్మలేదు. “కొమురయ్యకైతే తమ్ముడు సచ్చిన కోపం ఉంటది. దేవుని పాటలు పాడుకునేటోనివి, నీకు మేస్త్రితోని ఏం పగ? వాడు నీకేమైతడు?”

రామచంద్రం తల తిప్పి బల్ల వైపు చూశాడు. దాని కింద కొమురయ్య చేతిలో ఖాళీ గిన్నె ఇంకా ఉంది.

“నా కన్నకొడుకు సార్.”