పదిహేడు వందల కిలోమీటర్లు

“షిఫ్టు నడుమల మిషన్ ఇడిసిపెట్టి గువాహటి పోతనంటవేంది? దిమాగ్ పనిజేస్తలేదా?”

సూపర్‌వైజర్ జైపాల్ గొంతుకి షెడ్డులో ఉన్నవాళ్లంతా తల తిప్పి చూశారు.

హరినాథ్ చేతి తొడుగులు తీసి బల్ల మీద పెట్టాడు. “వెళ్లక తప్పదండీ. అక్కడెవరో అమ్మాయికి కాన్పయింది. రక్తం ఆగట్లేదంట. ఆమెది బాంబే గ్రూపు. నాదీ అదే.”

“గాడ దొరకదా రక్తం?”

“ఇది ఎక్కడో ఒకరికి ఉంటుందండీ. వేరే ఏ గ్రూపు ఎక్కించినా మనిషి దక్కదు. రాత్రి దాకా ఆగేలా లేదన్నారట డాక్టర్లు. దాతల సంఘం వాళ్లు నాకు టికెట్ కూడా తీసేశారు.”

జైపాల్ గొంతు తగ్గింది. “ఎంత దూరముంటది?”

“గాల్లో పదిహేడు వందల కిలోమీటర్ల దాకా ఉంటుందంట. మూడు గంటల్లో దిగిపోతాం. రైలయితే రెండు రోజులు.”

“గాల్లది సరే. ఈడికెల్లి శంషాబాద్ పోవద్దా? పటాన్‌చెరు ట్రాఫిక్‌ల నువ్వు ఆటో కోసం నిలబడితే విమానం ఆగుతదా?” అంటూనే జైపాల్ జేబులోంచి కారు తాళాలు తీశాడు. “నడువు జల్దీ. ముత్తంగి కాడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుదాం.”

కారులోంచే హరినాథ్ బీరంగూడలో ఉన్న భార్యకు ఫోన్ చేశాడు. “ముక్కూ మొహం తెలియని మనిషి కోసం అంత దూరమా?” అంది దుర్గాదేవి. మళ్లీ తనే, “ఏమన్నా తిన్నారా? ఖాళీ కడుపుతో ఇవ్వకండి,” అంది. ఆ మాట జైపాల్ చెవిన పడినట్టుంది. విమానాశ్రయం ముందు దింపుతూ తన టిఫిన్ డబ్బా హరినాథ్ చేతిలో పెట్టాడు.

విమానం ఎక్కాక హరినాథ్‌కు చేసే పనేమీ లేకపోయింది. కిటికీలోంచి చూస్తే మబ్బులు తప్ప ఏమీ కనబడలేదు. కదులుతున్నట్టే తెలియలేదు. ఎదురు సీటు వెనక చిన్న తెర మీద బొమ్మ విమానం సముద్రం అంచున మెల్లగా పాకుతోంది. ఆ అమ్మాయి పేరైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

గువాహటిలో దిగేసరికి ఆసుపత్రి బండి సిద్ధంగా ఉంది. వార్డు గుమ్మంలోనే నర్సు ఎదురొచ్చింది. “ప్రాణం ఉంది,” అంది హిందీలో. “మీకంటే ముందు ఇంకో దాత చేరాడు. పొద్దున్నే బయల్దేరి కోల్‌కతా మీదుగా వచ్చాడట. అతని రక్తం ఒక్కటే సరిపోదు. మీది కూడా అందితే గండం గడిచినట్టే.”

పరీక్షలు గబగబా అయిపోయాయి. హరినాథ్ చొక్కా చేయి పైకి మడిచి మంచం మీద పడుకున్నాడు. సూది దిగింది. సంచీ నిండుతుంటే నర్సు పక్కనున్న ఆకుపచ్చ తెర లాగింది. అవతల మంచం మీద చేతికి దూది అదుముకుని పడుకున్న మనిషి ఇటు తిరిగాడు. ఇద్దరూ ఒకరినొకరు అలాగే చూస్తూ ఉండిపోయారు.

“ఈయనా హైదరాబాద్ వైపే. మీకు తెలుసా?” అని అడిగింది నర్సు.

“మా అన్నయ్య,” అన్నాడు హరినాథ్. “మా రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. మాట్లాడుకుని తొమ్మిదేళ్లయింది.”