వరండాలో కూర్చున్న ఆవిడ

ఇంటర్వ్యూ గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆ అమ్మాయి ఉలిక్కిపడి అటే చూస్తోంది.

పోయినేడూ ఇదే వరండా, ఇదే తలుపు. లోపల పెద్దవాళ్లు అడిగిన మొదటి ప్రశ్నకే మాట నాలుక మీద ఇరుక్కుపోయింది. జవాబు తెలుసు. బయటికి రాలేదు. వాళ్లు కాసేపు చూసి, తర్వాతివాళ్లను పిలిచారు.

చిన్నప్పటి నుంచీ ఉన్న నత్తి అది. ఇంట్లోవాళ్ల దగ్గర జాడే ఉండదు. కొత్తవాళ్ల ముందు మాత్రం తప్పకుండా వచ్చి కూర్చుంటుంది.

ఆ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చదవాలని ఎక్కడెక్కడి పిల్లలో కలలు కంటారు. ఆ రాతిమెట్లు ఎక్కుతుంటే అమ్మాయికి భయమూ, పులకరింతా ఒక్కసారే పుట్టాయి. నదుల గురించి చెప్పే శాఖలో ఈ ఏడు మిగిలింది ఒక్కటే సీటు. రాతపరీక్ష అయ్యాక దానికి ఇద్దర్నే ఇంటర్వ్యూకి పిలిచారు. ఆ రెండోవాళ్లెవరో తెలియదు.

అన్ని శాఖల ఇంటర్వ్యూలూ ఆ రోజే కావడంతో వరండా నిండా పిల్లలు, వాళ్ల వెంట వచ్చిన పెద్దవాళ్లు. అమ్మాయి నాన్న బస్సు కండక్టరు. అలవాటు కొద్దీ "కాస్త ముందుకి జరగండమ్మా" అంటూ బెంచీ మీదవాళ్లను సర్ది, కూతురికి చోటు సంపాదించాడు.

పక్కనున్నావిడ నవ్వుతూ జరిగింది. నెరిసిన జుట్టు, లావుపాటి కళ్లద్దాలు, ఒళ్లో గుడ్డసంచి. ఎవరో పిల్లవాడి తల్లి అనుకున్నారు తండ్రీకూతుళ్లు. నాన్న మాట కలిపి, ఆవిడ అడక్కుండానే కూతురు నదుల శాఖకి వచ్చిన సంగతీ, ఆమె నత్తి సంగతీ, పోయినేడు జరిగిందీ చెప్పేశాడు. అమ్మాయికి ఆ బెంచీ కింద దూరిపోవాలనిపించింది.

ఆవిడ అయ్యో పాపం అనలేదు. "నదుల్లో నీకు ఏం నచ్చుతుంది?" అని అడిగింది.

"వం... వం..."

ఆవిడ మాట అందివ్వలేదు. చూపు పక్కకి తిప్పుకోలేదు. పనేమీ లేనట్టు తీరిగ్గా ఆగింది.

"వంపులు," అంది అమ్మాయి చివరికి.

"అయితే నాకు చెప్పు. నది తిన్నగా పోవచ్చుగా, ఎందుకలా వంకర్లు పోతుంది?"

ఇద్దరూ వరండా దిగారు. అమ్మాయి ఎండుపుల్లతో మట్టి మీద గీత గీసింది. వంపు బయటి వైపు నీళ్లు జోరుగా పారి గట్టును కోస్తాయనీ, లోపలి వైపు నెమ్మదించి ఇసుక దింపుతాయనీ, అలా వంపు పెరిగి పెరిగి ఒకనాడు నది దాన్ని వదిలేసి అడ్డదారిన పోతుందనీ చెప్పింది. వదిలేసిన వంపు చెరువులా మిగిలిపోతుందని కూడా చెప్పింది.

ఆవిడ గొంతుక్కూర్చుని, ఆ గీతనే కళ్లార్పకుండా చూసింది. గట్టు రాయిదైతే ఏమవుతుందని అడిగింది. వరదొస్తే ఏమవుతుందని అడిగింది. అమ్మాయి చెప్తూనే ఉంది. ఎప్పుడో మధ్యలో నత్తి జారిపోయిందని ఆమెకే తెలియలేదు.

ఉన్నట్టుండి గుర్తొచ్చి దిగులుగా అంది. "ఒక్కటే సీటు ఆంటీ. నాతో పోటీకొచ్చిందెవరో ఏమో. నాకంటే బాగా మాట్లాడతారు కదా."

ఆవిడ పుల్ల తీసుకుని, చెదిరిన గీతను సరిచేసింది.

"మాట్లాడనీ. లోపల నీకు మాట ఆగితే నువ్వూ దాంతోపాటు ఆగు. దాన్ని తొయ్యకు."

అంతలో అమ్మాయిని పిలిచారు.

లోపల మొదటి మాట ఇరుక్కుంది. ఈసారి ఆమె దాంతో కుస్తీ పట్టలేదు. ఆవిడ ఆగినట్టే తానూ ఆగింది. మాట వచ్చింది. దాని వెనకే మిగిలినవన్నీ వచ్చాయి. ఎదుటనున్న పెద్దవాళ్లలో ఒకాయన కలం కింద పెట్టి, చెంపకు చెయ్యి ఆనించుకుని వినడం ఆమె చూసింది.

ఇంటర్వ్యూ అయినవాళ్లను వెనక తలుపు గుండా పంపుతున్నారు. తండ్రీకూతుళ్లు చుట్టు తిరిగి వరండాలోకి వచ్చేసరికి ఆ బెంచీ మీద వేరెవరో ఉన్నారు. కాసేపు వెతికి, బస్సు వేళయిందని వెళ్లిపోయారు.

సీటు వచ్చింది. ఆ రోజు నాన్న టిక్కెట్టు కొట్టిన ప్రతివాళ్లకీ ఆ కబురు కూడా ఇచ్చాడు.

తరగతులు మొదలైన రోజున, చెంపకు చెయ్యి ఆనించుకుని విన్న ఆ ప్రొఫెసర్ గదికే వెళ్లింది అమ్మాయి. ఆవిడ ఆనవాళ్లు చెప్పి, ఎవరి తల్లో తెలిస్తే వెళ్లి దణ్ణం పెట్టుకుంటానంది.

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. కూర్చోమన్నాడు.

"నువ్వు వెళ్లాక ఆవిడ మా గదిలోకి వచ్చింది. మేం అడిగిన వాటికన్నిటికీ చక్కగా చెప్పింది. లేచి వెళ్లేముందు మమ్మల్ని ఒక్కటే అడిగింది. 'ఇందాకటి అమ్మాయికి మొదటి మాట కాస్త ఆలస్యంగా వస్తుంది, మీరు ఆగారు కదా?' అని."

"ఆ... ఆవిడ లో... లోపలికి ఎందుకొచ్చారు సార్?"

ఆమె ప్రశ్న పూర్తయ్యేదాకా ఆయన ఓపిగ్గా ఆగాడు.

"ఆ ఒక్క సీటుకి నీతో పోటీకొచ్చింది ఆవిడేనమ్మా," అన్నాడు మెల్లగా, "వయసు నిబంధన ప్రకారం ఆవిడకి అదే ఆఖరి అవకాశం."