పూత కింద గీత

ఉదయం కార్లకు మెరుగుపెట్టే ముత్తరసన్ చేతిలో ఉన్నవి రెండే: రంగు మీద గాజులా గట్టిపడే సెరామిక్ పూత ఒక సీసా, కోయంబత్తూరంతా పాకిన పనిమంతుడన్న పేరు.

పొద్దున కారు అప్పగించి వెళ్లిన కయల్విళి సాయంత్రం రాగానే, "చూడండమ్మా, మీ పాత ఎర్ర కారు పెళ్లికూతురైపోయింది!" అన్నాడు.

ఆమె మెరుపు చూడలేదు. నేరుగా వెళ్లి డ్రైవరు తలుపు పిడి వెనకున్న గుంటను వేళ్లతో తడిమింది.

"ఇక్కడ గీతలుండాలే, తంబీ?"

"గోళ్లవీ ఉంగరానివీనా? పాలిష్ పట్టి అన్నీ లేపేశాను. మిగతావాళ్లు ఆ గుంట జోలికే పోరు. గీత మీద పూత వేస్తే ఆ గీత ఇక ఎప్పటికీ చెరగదమ్మా!"

"అందుకే కదయ్యా తెచ్చాను! అవి మా ఆయన ఉంగరం గీతలు. ఆయన పోయాక రోజూ వాటినే తడుముకునేదాన్ని."

"ఒక్క మాట చెప్పుంటే..."

"నువ్వు చెరిపేస్తావని నాకేం తెలుసు?"

ముత్తరసన్ సీసాకు మూత బిగించి బల్ల మీద పెట్టాడు.

ఆమె అడిగింది. "అక్కడ తుడిచిన గుడ్డ ఉందా?"

బల్ల కింద పడేసిన గుడ్డ తీసిచ్చాడు. పాలిష్ పట్టినప్పుడు గీతలతోపాటు లేచిన ఎర్రటి రంగుపొడి దానికి అంటుకుని ఉంది. ఆమె దాన్ని దులపకుండా మడిచి, కొంగున ముడేసుకుంది.

సీసాలో సగం పూత మిగిలింది, అతని పేరూ నిలిచింది. ఆమెకు దక్కింది ఆ గుడ్డ.