ఊరంతా ఉన్న ఫోటో

ఫోటోగ్రాఫర్ సరిగ్గా సమయానికి చెయ్యిచ్చాడు.

"బండి ఆగిపోయిందండీ, రేపొస్తా" అని ఫోన్ పెట్టేశాడు.

టీచరమ్మకి ఒళ్ళు మండిపోయింది. సరస్సు ఒడ్డున ఊరు ఊరంతా ముస్తాబై నిలబడి ఉంది. వలలు బాగుచేసేవాళ్ళు, పడవలకి తారు పూసే మేస్త్రీ, ఆఖరికి ఏనాడూ గడప దాటని మిల్లు ఓనరు కూడా దువ్వుకుని వచ్చాడు. ఊరి చరిత్ర పుస్తకం సాయంత్రానికల్లా ప్రెస్సుకి పంపాలి. రేపొచ్చి ఏం తీస్తాడట, వాడి మొహం!

అసలా పుస్తకం పుట్టిందే టీచరమ్మ వాళ్ళ నాయనమ్మ చెప్పిన కథలోంచి.

వరదొచ్చిన ఏడు, సరుకుల పడవలో వచ్చిన ఎవరో బయటూరి పిల్ల, తండ్రి జ్వరంతో పడి ఉంటే తానే తెడ్డందుకుని, ఊళ్ళో వాళ్ళందర్నీ విడతలు విడతలుగా మిట్ట మీదకి చేర్చింది. నీళ్ళు తీశాక చూస్తే పిల్లా లేదు, పడవా లేదు. పేరడగాలని ఒక్కరికీ తట్టలేదు.

ఆ పేరు కోసం టీచరమ్మ తిరగని రేవు లేదు. పుస్తకంలో మొదటి పేజీ అందుకోసమే ఖాళీగా అట్టేపెట్టింది.

"మనం ఇవాళ ఉన్నామంటే ఆ పిల్ల చలవే. ఆవిడ లేకుండా మనకి చరిత్రేంటి?" అని వాదించేది.

సరే, ముందు ఫోటో సంగతి చూడాలి. బడి కెమెరా చేతిలో ఉంది గానీ, తీసేవాళ్ళేరీ?

రేవులో లాంచీ కోసం కూర్చున్న ఓ పెద్దావిడ కనిపించింది. నాయనమ్మ అప్పటికే ఆవిడ పక్కన చేరి, చెయ్యి పట్టుకుని కబుర్లలో మునిగిపోయింది.

మా నాయనమ్మకి మనిషి దొరికితే చాలు, అనుకుంది టీచరమ్మ.

"ఏమీ అనుకోకపోతే ఒక్క ఫోటో తీసిపెడతారా అమ్మా? మాలో ఎవరు తీసినా వాళ్ళు ఫోటోలో ఉండరు."

"ఈ కెమెరాలూ అవీ నాకేం తెలుసు తల్లీ!"

"ఈ బటన్ నొక్కడమే."

పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని లేచింది. కెమెరాలోంచి చూసి గట్టిగా కేకేసింది.

"అందరూ ఒకే పక్కన మూగారేంటి? సగం మంది ఇటు జరగండి! ఏయ్ మేస్త్రీ, నిన్నే, కదలకుండా కూర్చో!"

మేస్త్రీ అంతటివాడు చటుక్కున చతికిలబడ్డాడు. ఊరంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వు మీదే ఆవిడ బటన్ నొక్కింది.

టీచరమ్మ చూసుకుంది. ఒక్కరూ కళ్ళు మూయలేదు. మిల్లు ఓనరుకి పళ్ళున్నాయని ఊరికి ఆ రోజే తెలిసింది.

"భలే తీశారండీ! మీరూ రండి, మీతో ఇంకోటి తీసుకుందాం."

"నేనెందుకమ్మా? మీరంతా ఉన్నారుగా, చాలు."

ఆవిడ మొహం వెలిగిపోతోంది. ఒక్కొక్కర్నీ తనివితీరా చూసి, కెమెరా తిరిగిచ్చేసింది. లాంచీ కూతేసింది. ఆవిడ ఎక్కి కూర్చుంటే, కనుమరుగయ్యేదాకా నాయనమ్మ చెయ్యి ఊపుతూనే ఉంది.

ఆ పిల్ల పేరు తెలుస్తుందేమోనని సాయంత్రం దాకా చూసి, ఇక లాభం లేదని టీచరమ్మ ఆ ఖాళీ పేజీలో ఊరి ఫోటోనే వేసేసింది. మనసు చివుక్కుమంది. బాధపడుతుందని నాయనమ్మకి చెప్పలేదు.

పుస్తకం వచ్చింది. ఇంటింటా అదే సందడి. ఎవరి మొహం వాళ్ళు వెతుక్కుని మురిసిపోయారు.

నాయనమ్మ మాత్రం మొదటి పేజీ అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఫోటో తీసినావిడ పేరు వెయ్యలేదేంటే?"

"దారిన పోయే ఆవిడ కదా నాయనమ్మా. పేరడగడం తట్టనే లేదు."

నాయనమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"ఓసి పిచ్చిమొహమా, ఆవేళ పొత్తిళ్ళలో మీ నాన్నతో సహా నన్ను పడవెక్కించిన పిల్ల ఆవిడే కదే, నువ్వే వెతికి పిలిపించావనుకున్నా!"