మంచం డ్యూటీ

"ఆ మంచం పక్కకి లాగుతావా లేదా?"

నోయల్ హిందీలో వేసిన కేకకి చిత్తడిలో రెండు కొంగలు తలెత్తి చూశాయి. మంచం మీది ముసలాయన మాత్రం కదల్లేదు.

గట్టుకి అడ్డంగా నులకమంచం. మంచం మీద ఆయన. ఆయన మీద నల్ల గొడుగు. కెమెరా ఎటు తిప్పినా గొడుగే పడుతోంది.

నోయల్‌ది జంషెడ్‌పూర్ టెల్కో కాలనీ. ట్రక్కుల ప్లాంటులో పని. ఏటా వాళ్ల తెలుగు చర్చి కేలెండరు అట్ట మీద తోటి సభ్యుడు ఫ్రాంక్లిన్ తీసిన ఫోటోనే పడుతోంది. ఓసారి గులాబీ. ఓసారి సూర్యోదయం. పోయినేడు ఫ్రాంక్లిన్ వాళ్ల కుక్కపిల్ల. కుక్కపిల్లకి కూడా చప్పట్లు కొట్టిన సంఘం అది!

ఈసారి అట్ట తనది కావాలి. ఫోటో ఇవ్వడానికి ఈ సాయంత్రమే ఆఖరు.

అందుకే సెలవు పెట్టి, స్నేహితుడు శ్యామ్ బైకెక్కి, గమ్హరియా ఫ్యాక్టరీలు దాటి ఇక్కడికొచ్చాడు. బైకు రోడ్డు మీద వదిలి ఇద్దరూ బురదలో నడిచారు. నోయల్ దాన్ని ట్రెక్కింగ్ అన్నాడు. చెప్పు తెగిన శ్యామ్ ఇంకేదో అన్నాడు.

వచ్చినందుకు నీళ్ల నిండా నత్తగుల్ల కొంగలు, సంతలో జనంలా. మధ్యలో ఈ మంచం.

"తాగి పడిపోయినట్టున్నాడు," అన్నాడు నోయల్, ఈసారి తెలుగులో. జంషెడ్‌పూర్‌లో తెలుగువాడి ధీమా అది, ఎవణ్ని తిట్టినా వాడికి అర్థం కాదని. "మొహం చూడు, ఉడకేసిన కందగడ్డలా."

గొడుగు పక్కకి వంగింది.

"తాగనేదు బాబూ. కందగడ్డంటే గుర్తొచ్చింది, తినడానికేటైనా తెచ్చారా?"

శ్యామ్ కడుపు పట్టుకుని నవ్వాడు. "ఫస్ గయా తూ! దొరికిపోయావ్!"

ముసలాయన పేరు తవిటయ్య. టాటానగర్‌లో రైల్వే కేబిన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు.

"ఇక్కడేం చేస్తున్నావు తాతా?"

"డూటీ."

"పడుకునా?"

"తొంగోడమే డూటీ. పగలు నాను, రాత్రి మా ఇంటిది ధనమ్మ. రిలీవర్ రాకుండా మంచం దిగకూడదు. ఎందుకంటే బాబూ..."

"సరే సరే." నోయల్ ఆకాశం చూశాడు. ఎండ ముదిరిపోతోంది. "కాసేపు దిగు చాలు. నీకేం కావాలో చెప్పు."

తవిటయ్య ఆలోచించాడు. కొంగలు వింటాయేమో అన్నట్టు గొంతు తగ్గించాడు.

"వేడి టీ. ధనమ్మ సీసాలో పోసి తెత్తాది, ఒచ్చీసరికి చల్లారిపోతాది. పొగలొచ్చే టీ తాగి ఎన్నాళ్లయిందో బాబూ."

"ఇంతేనా! రోడ్డు మీద కొట్టుంది కదా. శ్యామ్ తీసుకెళ్తాడు."

"మరి రిలీవర్?"

"నేను లేనా?"

"గొడుగేసుకుని తొంగోవాల. మంచం ఖాళీగా అగుపడకూడదు."

"నేనూ షిఫ్టు చేసేవాణ్నే తాతా. రిలీవర్ రాకుండా ఏనాడూ మిషను వదల్లేదు."

ఆ మాటకి తవిటయ్య దిగాడు. గొడుగు నోయల్ చేతిలో పెట్టి నిటారుగా నిలబడ్డాడు.

"ఛార్జి ఇచ్చీసాను."

వాళ్లిద్దరూ మలుపు తిరిగారో లేదో, గొడుగు తుప్పల్లోకి పోయింది. దాని వెనకే మంచం కూడా.

అడ్డం పోయింది. ఇప్పుడొకటే చిక్కు. కొంగలు ఎగరవు. తలలు దించుకుని నత్తలు తింటున్నాయి. ఈ ఫోటో కంటే కుక్కపిల్లే నయం. నోయల్ చప్పట్లు కొట్టాడు. ఈల వేశాడు. 'స్తోత్రం!' అని అరిచాడు. ఒక్కటంటే ఒక్కటి లేవలేదు.

అంతలో వెనక గురగురమని మోత. గట్టు మీద లారీ. దాని వెనక ఇంకో లారీ. ఇంకోటి. మొదటిది సరిగ్గా మంచం ఉన్నచోట ఆగి, వెనక్కి తిరిగి, తొట్టి లేపింది. ఏ ఫ్యాక్టరీదో బూడిద ధడేలుమని నీళ్లలో పడింది.

కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. ఆకాశం కనపడలేదు. నోయల్ వేలు కెమెరా మీట మీంచి తీయలేదు.

"దేవా, స్తోత్రం," అన్నాడు, ఈసారి మనసారా.

డ్రైవరు దిగొచ్చి అతని చెయ్యి పట్టి ఊపాడు.

"ముసలోణ్ని దింపింది నువ్వేనా భయ్యా? వానల ముందు నుంచీ టీకొట్టు దగ్గర పేకాడుకుంటున్నాం. మనిషి మీంచి లారీ పోనివ్వలేం కదా. కాంట్రాక్టరు డబ్బిస్తానన్నా దిగలేదు, పోలీసులన్నా దిగలేదు. ఇందాక చూస్తే మా పక్క బెంచీ మీద టీ ఊదుకుంటున్నాడు!"

నోయల్ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది.

లారీల పక్కనుంచి తవిటయ్య ఉరుకుతూ వస్తున్నాడు. వెనక ఒంటి చెప్పుతో శ్యామ్. ముసలాయన బూడిద కుప్పని చూశాడు. నోయల్‌ని చూశాడు. తిట్టలేదు. చేతిలో ప్లాస్టిక్ సంచీ ముందుకి చాపాడు. అందులో టీ.

"నీకే బాబూ. డూటీలో ఉన్నోడివి కదా, చల్లారిపోతాదని పరిగెట్టుకొచ్చాను."

కొత్త సంవత్సరానికి కేలెండరు బారిడీహ్ నుంచి టెల్కో దాకా ప్రతి ఇంటి గోడా ఎక్కింది. అట్ట నిండా కొంగలు. చిత్తడి ఉన్నచోట ఇప్పుడు చదునైన బూడిద.

ఫ్రాంక్లిన్ ఉండబట్టలేక వచ్చి అడిగాడు.

"నిజం చెప్పరా. అన్నింటినీ ఒక్కసారి ఎలా లేపావు?"

"వాటి కాపలా మనిషి టీకి వెళ్లాడు," అన్నాడు నోయల్. "రిలీవర్ని నేనే."